పునాది ఒక్కటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బెంగళూరు తెలుగు సంఘాల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. సంఘానికి పునాది క్రీస్తు అని అందరం అంటాం. మరి ఆదివారం ప్రసంగంలో, కమిటీలో, ఆస్తి కాగితాల్లో ఆ మాట ఎక్కడ కనబడాలి? ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: 1 కొరింథీ 3:11 పునాది యేసు క్రీస్తే అంటుంది. ఎఫెసీ 2:20 అపొస్తలులు, ప్రవక్తలు వేసిన పునాది అంటుంది. మా సంఘం బ్యానరు మీద మాత్రం మొదటి పాస్టర్ గారి ఫొటో కింద “మన సంఘ పునాది” అని ఉంటుంది. ఏది సరైనది? (ఒక సహోదరి, కె.ఆర్. పురం)

జవాబు: మొదటి రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు సహోదరీ. ఎఫెసీ వచనాన్ని పూర్తిగా చదివితే, క్రీస్తుయేసే ముఖ్యమైన మూలరాయి అన్న మాట కూడా అక్కడే ఉంది. అపొస్తలులు తమను తాము ప్రకటించుకోలేదు. తాము కన్న క్రీస్తును, విన్న క్రీస్తును ప్రకటించారు. ఆ సాక్ష్యమే కొత్త నిబంధనగా మన చేతికి వచ్చింది. వాళ్ళ పునాది మీద నిలబడటమంటే వాళ్ళు చెప్పిన క్రీస్తు మీద నిలబడటమే.

మూలరాయి పని తెలిస్తే విషయం ఇంకా తేటపడుతుంది. రాతి కట్టడంలో ముందు మూల కుదురుస్తారు. ఆ రాయి రెండు ముఖాలను పట్టుకుని నూలు లాగి, అటొక గోడ ఇటొక గోడ లేపుతారు. మూల దగ్గర రాయి అంగుళం పక్కకు తిరిగితే, ముప్ఫై అడుగుల అవతల గోడ ఎక్కడికో పోతుంది. యెషయా 28:16లో పునాది రాయి మాట వచ్చిన వెంటనే 17వ వచనంలో కొలనూలు, మట్టపుగుండు వస్తాయి. సంఘం బరువు మోసేది క్రీస్తే, సంఘం వంకర పోతే పట్టించేదీ క్రీస్తే. ఈ రెండో సంగతిని మన సంఘాలు తొందరగా మరిచిపోతాయి.

ఇక బ్యానరు. పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు (అపొ. కార్యములు 18:11). అప్పటి అధిపతి గల్లియోను పేరున్న శాసనం గ్రీసులోని డెల్ఫీలో దొరికింది కాబట్టి ఆ కాలం సుమారు క్రీ.శ. 51 అని లెక్క కట్టగలిగారు. పౌలు వెళ్ళాక అపొల్లో అనే బోధకుడు వచ్చాడు. నాలుగైదేళ్ళు తిరగకముందే అక్కడివాళ్ళు “నేను పౌలువాడను”, “నేను అపొల్లోవాడను”, “నేను కేఫావాడను” (కేఫా అంటే పేతురే) అని గుంపులు కట్టారు. దానికి జవాబుగా రాసిందే ఈ మూడో అధ్యాయం. పునాది వేసింది నేనేనని పౌలు దాచుకోలేదు, 3:10లో చెప్పాడు. కానీ ఆ వెంటనే, వేసినవాడు వేరు, వేయబడినవాడు వేరు అని గీత గీశాడు. మీ మొదటి కాపరిని గౌరవించడం న్యాయమే. “తొలి కాపరి” అని రాసి, ఆయన సేవ చేసిన సంవత్సరాలు వేయండి. “పునాది” అన్న మాట మాత్రం తీసేయండి. ఇది చిన్న విషయమని వదిలేయకండి. ఆ బ్యానరు చూస్తూ పెరిగిన పిల్లలు, పాస్టర్ గారు పోయిన రోజున సంఘమే పోయిందనుకుంటారు.

ఇంతకంటే పెద్ద ప్రశ్న ఒకటి మీరు అడగలేదు గానీ పౌలు అడిగాడు: పునాది సరైనదే, దాని మీద ఏం కడుతున్నారు? బంగారం, వెండి, వెలగల రాళ్ళు ఒక వరుస. కఱ్ఱ, గడ్డి, కొయ్యకాలు ఇంకో వరుస. రెండింటికీ పునాది ఒక్కటే. తేడా తీర్పు దినాన నిప్పులో తెలుస్తుంది. అప్పటిదాకా ఆగకుండా సంఘ పెద్దలు ఇప్పుడే చూసుకోగల పద్ధతి ఒకటుంది. మీ సంఘం యూట్యూబులో పెట్టిన గత ఎనిమిది ఆదివారాల ప్రసంగాలు తీసుకోండి. ఇద్దరు ముగ్గురు కూర్చుని, ప్రతి ప్రసంగానికీ మూడు సంగతులు రాయండి: ఏ వాక్యభాగం చదివారు, క్రీస్తు సిలువ గురించీ పునరుత్థానం గురించీ ఏం చెప్పారు, చివర విశ్వాసులను ఏం చేయమన్నారు. తర్వాత ప్రతిదానికీ ఒక్క ప్రశ్న వేయండి: ఇందులోంచి యేసు పేరు తీసేస్తే ప్రసంగం కూలుతుందా, అలాగే నిలబడుతుందా? క్రీస్తు లేకుండా నిలబడే ప్రసంగం క్రీస్తు మీద కట్టింది కాదు.

ఎక్కువ పొరపాట్లు దొర్లేది పాత నిబంధన ప్రసంగాల్లో. దావీదు, గొల్యాతు కథను “నీ ఆఫీసులోని గొల్యాతు ఎవరు?” అన్న దగ్గర ఆపేస్తారు. దావీదు కుమారుడైన క్రీస్తు మన శత్రువును ఎలా గెలిచాడన్న చోటికి రారు. డిసెంబరు 31 రాత్రి కూడికలో ఇచ్చే వాగ్దాన వాక్యాలతోనూ ఇదే చిక్కు. మేలునూ నిరీక్షణనూ ఇస్తానని దేవుడు చెప్పిన యిర్మీయా 29:11 కార్డు లేని తెలుగు క్రైస్తవ ఇల్లు అరుదు. దానికి ముందున్న 10వ వచనంలో డెబ్బయ్యేళ్ళ చెర ఉంది. ఆ మాట బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళకు రాసిన ఉత్తరంలోది. ఆ సందర్భం చెప్పి, ఆ నిరీక్షణ క్రీస్తులో ఎలా నెరవేరిందో చెబితే ఆ కార్డు ఉద్యోగం పోయిన రోజున కూడా మనిషిని నిలబెడుతుంది. సందర్భం వదిలేస్తే మార్చి నెలకల్లా విశ్వాసమే సన్నగిల్లుతుంది.

పునాదిలో ఉన్నదేమిటో రెండు ముక్కల్లో కావాలంటే 1 కొరింథీ 15:3, 4 చూడండి: లేఖనాల ప్రకారం క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో దినాన లేచాడు. బాప్తిస్మానికి వచ్చినవాళ్ళు ఇది తమ మాటల్లో చెప్పలేకపోతే తేదీ వాయిదా వేయడం మంచిది.

ప్రశ్న: మా పక్కింటివాళ్ళు శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికాకు వెళ్తారు. మత్తయి 16:18 (“ఈ బండమీద నా సంఘమును కట్టుదును”) చూపించి, సంఘం పేతురు మీద కట్టబడిందని అంటారు. ఏమని చెప్పాలి? (ఒక సహోదరుడు, ఫ్రేజర్ టౌన్)

జవాబు: ముందుగా వాళ్ళ మాటను న్యాయంగా వినండి. పునాది క్రీస్తు అన్నదాన్ని కథోలికులు కాదనరు. రెండో వాటికన్ మహాసభ 1964లో సంఘం గురించి వెలువరించిన పత్రంలో 1 కొరింథీ 3:11 ఉంది. తేడా ఎక్కడంటే, క్రీస్తు ఆ బాధ్యతను పేతురుకూ, ఆయన తర్వాత రోమా బిషప్పులకూ ప్రత్యేకంగా అప్పగించాడా అన్న దగ్గర.

ఈ వచనం మీద పాత కాలపు బోధకులే ఒక్క మాట మీద లేరు. యోహాను క్రిసోస్తొము ఆ బండ పేతురు ఒప్పుకున్న విశ్వాసమే అన్నాడు. అగస్టీను ఒకప్పుడు పేతురే అని బోధించాడు, తర్వాత చాలాచోట్ల పేతురు ఒప్పుకున్న క్రీస్తే అన్నాడు. జీవితం చివర తన రచనలను సరిచూసుకుంటూ, రెండింటిలో ఏది సరైనదో చదివేవారే ఎంచుకోమని వదిలేశాడు.

మా అభిప్రాయం చెబుతాం. వచనాన్ని దాని చుట్టుపక్కలతో కలిపి చదవండి. 16వ వచనంలో “నీవు సజీవుడగు దేవుని కుమారుడవైన క్రీస్తువు” అని పేతురు ఒప్పుకున్నాడు. 23వ వచనానికల్లా అదే పేతురు సిలువను వద్దని గద్దింపు తిన్నాడు. 16:19లో పేతురుకు చెప్పిన బంధించడం, విప్పడం 18:18లో శిష్యులందరికీ చెప్పబడ్డాయి. అన్నిటికీ మించి పేతురు తన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో సజీవమైన రాయి క్రీస్తే అనీ, మనమంతా ఆయన మీద కట్టబడే రాళ్ళమనీ రాశాడు. మీ పక్కింటివాళ్ళతో కూర్చుని ఆ అధ్యాయంలోని 4 నుంచి 8 వరకు కలిసి చదవండి, వాదన పెట్టుకోకండి.

ప్రశ్న: మారతహళ్ళిలో ఒక ఫ్లాటులో పన్నెండు కుటుంబాలం కూడుకుంటున్నాం. బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. వాళ్ళు, పెంతెకొస్తువాళ్ళు అందరం ఉన్నాం. సంఘంగా ఏర్పడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పేరుతోనో లోగోతోనో మొదలుపెట్టకండి. మార్కు సువార్తలో పదహారు అధ్యాయాలున్నాయి. వారానికి రెండు చొప్పున ఎనిమిది వారాలు అందరూ కలిసి చదవండి. సరిగ్గా మధ్యలో, 8:29లో, “మీరైతే నేను ఎవడనని చెప్పుచున్నారు?” అన్న ప్రశ్న వస్తుంది. ఆ వారం ఇంకే పనీ పెట్టుకోకుండా ప్రతి ఒక్కరి చేతా జవాబు చెప్పించండి. తర్వాత అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని మీ ఉమ్మడి ఒప్పుకోలుగా తీసుకుంటే, కొత్త విశ్వాస ప్రకటన రాసుకోవడానికి నెలలు పట్టదు.

శాఖల తేడాలు మాట్లాడకుండా దాటేస్తే అవే తర్వాత చీలికలవుతాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడటానికి ముందు, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చివారు దాదాపు మూడు దశాబ్దాలు చర్చలు జరిపారు. మీకు అంత కాలం పట్టదు గానీ, మొదటి ఆరు నెలల్లోనే మూడు విషయాలు తేల్చుకోండి: పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారా, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఎవరికి, ఆత్మ ప్రేరణతో అన్యభాషలు మాట్లాడటం కూడికలో ఎలా. వీటిలో మొదటిదే అన్నిటికంటే కష్టం. ఒక్క మాట మీదికి రాలేకపోతే రెండు సంఘాలుగా స్నేహంగా ఉండటం మంచిది. పునాది ఒక్కటైనవాళ్ళు ఒకే హాల్లో కూర్చోవాలన్న నియమం లేదు.

ప్రశ్న: మా మందిర స్థలం పాస్టర్ గారి సొంత పేరు మీద ఉంది. అడిగితే “దేవునిదే కదా” అంటారు. ఇలా అడగడం విశ్వాసం లేకపోవడమా? (ఒక సంఘ పెద్ద, హొరమావు)

జవాబు: కాదు. రేపు ఆయన వీలునామా రాయకుండా ప్రభువు దగ్గరికి వెళితే, 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగతాది పిల్లలకు వెళుతుంది. కాగితం మీద ఆ స్థలం ఆయనదే కాబట్టి, విశ్వాసులు కానుకలతో కొన్నారని నిరూపించే భారం మీ మీద పడుతుంది. పిల్లలు మంచివాళ్ళే అయినా ఒక అల్లుడు కోర్టుకెళితే చాలు, మందిరానికి తాళం పడుతుంది.

కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం (1960) కింద సొసైటీ పెట్టడానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏడుగురూ ఒకే కుటుంబం వాళ్ళయితే చట్టం సంగతి ఎలా ఉన్నా సంఘానికి ఒరిగేది ఏమీ లేదు. సొసైటీ పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా తీసుకోండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలి, ఆ ఇద్దరూ బంధువులు కాకూడదు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, ఆడిట్ చేసిన లెక్కలు చదివి వినిపించాలి. సొసైటీ రద్దయితే ఆస్తి సభ్యులు పంచుకోకుండా ఇంకో సంఘానికి చేరాలని నిబంధనల్లో రాయించండి. ఆ తర్వాత పాస్టర్ గారు స్థలాన్ని సొసైటీకి రిజిస్టరు దానపత్రంతో బదిలీ చేయవచ్చు. దానికి ముందే లాయరు చేత ఇ.సి. (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), ఖాతా (స్థానిక సంస్థ దగ్గరుండే ఆస్తి పన్ను నమోదు), వ్యవసాయ భూమి అయితే దాన్ని వేరే వాడకానికి మార్చిన కన్వర్షన్ ఉత్తర్వు చూపించుకోండి. హొరమావు చుట్టుపక్కల చాలా సైట్లకు చిక్కు వచ్చేది ఈ కాగితాల దగ్గరే.

పాస్టర్ గారితో మాట్లాడేటప్పుడు 2 కొరింథీ 8:19–21 ముందు పెట్టండి. కానుకలు తీసుకువెళ్ళేటప్పుడు పౌలు, సంఘాలవారు ఎన్నుకున్న సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే గాక మనుష్యుల దృష్టిలోనూ యోగ్యంగా ఉండాలన్నదే కారణమని రాశాడు.

ప్రశ్న: శంకుస్థాపన రాయి మీద ఏం చెక్కించాలి? ఈశాన్యంలోనే పెట్టాలా? (కొత్త మందిరం కమిటీ, వైట్‌ఫీల్డ్)

జవాబు: ఈశాన్యం నియమమేదీ లేదు. పునాది ఎక్కడ ఎంత లోతు తవ్వాలో మట్టి పరీక్ష చూసి ఇంజనీరు చెబుతారు. చెక్కిన రాయిని మట్టిలో కప్పేయకుండా, లోపలికి వచ్చేవాళ్ళకు కనబడే గోడలో అమర్చండి.

రెండడుగులు × మూడడుగుల నల్ల గ్రానైటు పలక సరిపోతుంది. జిగణి వైపు రాళ్ళ యార్డుల్లో దొరుకుతుంది. 1 కొరింథీ 3:11 పెద్ద అక్షరాల్లో, దాని కింద సంఘం పేరు, తేదీ. ముఖ్య అతిథి పేరు వేయాల్సి వస్తే అన్నిటికంటే కింద, అన్నిటికంటే చిన్నగా. అక్షరం ఎత్తు అంగుళానికి తగ్గితే వత్తులు పూడిపోతాయి. చెక్కేవాళ్ళు కన్నడం చదివేవాళ్ళయితే తలకట్టు దగ్గర పొరపడతారు, రెండు లిపులూ దగ్గర కాబట్టి చూసినా పట్టుబడదు. కంప్యూటర్ ఫాంటు పంపితే వాళ్ళ దగ్గర అక్షరాలు విడిపోవచ్చు. అందుకని అక్షరాలను బొమ్మగా మార్చిన పి.డి.ఎఫ్. ఇవ్వండి. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, తెలుగు బాగా వచ్చిన ఇద్దరు బైబిలు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి సంతకం చేశాకే ఉలి వేయనివ్వండి.