ఆకు తిరగేసి చూడండి

ప్రశ్న: మొన్న పడవలో మడ అడవి చూసి వచ్చాం. గైడ్ ఇదొక జాతి, అదొక జాతి అని చూపిస్తుంటే నాకు మాత్రం అన్నీ ఒకేలాంటి దళసరి ఆకులే కనిపించాయి. ఆకును బట్టి పోల్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వృక్షశాస్త్రం చదివిన నాకూ మొదటి రోజు అలాగే అనిపించిందమ్మా. కుటుంబాలు వేరైనా ఉప్పునీటిలో బతకాలి కాబట్టి చాలావాటికి ఆకులు తోలులా మందంగా ఉంటాయి. పైవైపు చూస్తే మోసపోతాం. తిరగేసి చూడాలి.

అడుగు వైపు బూడిద పూసినట్టు తెల్లగా ఉంటే అది మడ చెట్టు, అంటే అవిసీనియా. సన్నటి నూగు వల్ల వచ్చే రంగు అది. ఎండ కాసినప్పుడు దీని ఆకుల మీద ఉప్పు పలుకులు మెరుస్తుంటాయి. ఒంట్లో చేరిన ఉప్పులో కొంత ఆకు గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తుంది. నేను నాలుకతో రుచి కూడా చూశాను. మీరు మాత్రం వద్దు, ఎందుకో తర్వాత చెబుతాను. వాన పడితే ఉప్పు కడుక్కుపోతుంది, అప్పుడు అడుగు రంగే గుర్తు.

అడుగున మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటే ఉప్పు పొన్న, రైజోఫొరా. మొదటిసారి వాటిని చూసి తెగులనుకుని నోట్సులో ‘రోగం పట్టిన చెట్టు’ అని రాసుకున్నాను. ఆ పేజీ ఇంకా దాచుకున్నాను. మన ఆసియా వైపు జాతుల్లో ఆకు కొసన చిన్న ముల్లు లాంటి మొన కూడా ఉంటుంది. బ్రుగైరా ఆకు చూడ్డానికి దీని తోబుట్టువే కానీ ఆ చుక్కలుండవు. గుండ్రటి కొసతో ఆకులుంటే సొనరేషియా కావచ్చు. అయితే ఇందులోనే ఒక జాతికి ఆకులు సన్నగా ఉంటాయి, కాబట్టి ఆకారాన్ని పూర్తిగా నమ్మను.

తర్వాత కొమ్మ చూడండి. ఇప్పటిదాకా చెప్పినవాటికి ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. తిల్ల చెట్టుకు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, రాలే ముందు కొన్ని ఎర్రబడతాయి. దీని ఆకు తుంచారా, పాలు కారతాయి. అవి కంట్లో పడితే చూపుకే ముప్పు. నాకు మణికట్టు మీద పడి బొబ్బలెక్కింది, ఆ రోజు నుంచి తెలియని ఆకు తుంచడం, నాకడం మానేశాను. ఏజిసెరాస్‌కూ ఆకులు ఒంటరిగానే వస్తాయి గానీ కొసన చిన్న నొక్కు, పైన ఉప్పు ఉంటాయి. తిల్లకు ఆ రెండూ ఉండవు.

ఈసారి వెళ్లినప్పుడు ఆకుల పైవైపు, అడుగు, అవి కొమ్మను పట్టుకున్న తీరు మూడూ ఫొటో తీసుకోండి. వీలైతే వేర్లు కూడా. ఒక్క ఆకు పైభాగం ఫొటో పంపి పేరు చెప్పమంటే నేనూ తెల్లమొహం వేస్తాను.