ఒక్క సీజన్ కాంట్రాక్టు చూసి ఏడేళ్ల అప్పా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఐదెకరాల మెట్ట పొలం, వేరుశనగ వేస్తాం. మా అబ్బాయికి 21 ఏళ్లు. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) మైదానంలో హాకీ నేర్చుకున్నాడు, డిఫెండరు. ఆట కోసం డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేశాడు. ఈ సీజన్‌కు హాకీ ఇండియా లీగ్‌లో ఒక జట్టు వాడిని 5 లక్షలకు తీసుకుంది. ఆగిపోయిన ఇంటి స్లాబు వేసి, వాడికి ఒక కారు కొనాలనుకుంటున్నాం. కారుకు బ్యాంకులో 8 లక్షల లోను, డౌన్ పేమెంటుకు మా ఆవిడ బంగారం మీద 2 లక్షలు, స్లాబుకు తెలిసిన ఫైనాన్స్ ఆయన దగ్గర 2 రూపాయల వడ్డీకి 4 లక్షలు. కాంట్రాక్టు జిరాక్సు, అబ్బాయి సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇస్తే చాలంటున్నాడు ఆయన. జిరాక్సు ఇచ్చాం, చెక్కు ఇంకా ఇవ్వలేదు. అమెరికాలో ఉండే మా బావమరిది కొడుకు, అక్కడ ఐస్ హాకీ పిల్లలు ఇరవై ఏళ్లకే కోట్లు సంపాదిస్తారు, ఆటగాడికి అప్పు భయం ఏముంది అంటున్నాడు. ముందుకు పోవచ్చా? మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలి?

జవాబు: ముందుగా మీ అబ్బాయికి అభినందనలు. మెట్ట సేద్యం చేసే ఇంటి నుంచి లీగ్ దాకా పోవడం చిన్న సంగతి కాదు. ఇక మీ ప్రశ్నకు నా జవాబు: వద్దు. మూడు అప్పులూ వద్దు.

మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగారు. మీరు రాసిన అంకెలతోనే లెక్క వేశాను. 8 లక్షల కారు లోను ఏడేళ్లకు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే నెలకు 13 వేల పైచిలుకు కిస్తీ, అంటే ఏడాదికి లక్షా 57 వేలు. 2 రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. 4 లక్షల మీద నెలకు 8 వేలు, ఏడాదికి 96 వేలు. బంగారం మీద తీసుకునే 2 లక్షలకు ఇంకో 20 వేలు వేసుకోండి. మొత్తం 2 లక్షల 73 వేలు. మీ అబ్బాయి 5 లక్షల్లో టీడీఎస్, అంటే ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను, 10 శాతం కోసినా చేతికి వచ్చేది నాలుగున్నర. అందులో సగానికి పైగా వడ్డీలకు, కిస్తీలకు పోతుంది. ఫైనాన్స్ ఆయన 4 లక్షల అసలు, బంగారం మీది 2 లక్షల అసలు అక్కడే ఉంటాయి. ఇది మొదటి ఏడాది సంగతి. రెండో ఏడాది జట్టు వాడిని మళ్లీ తీసుకోకపోతే ఈ 2 లక్షల 73 వేలు ఎక్కడి నుంచి తెస్తారు? వేరుశనగ నుంచా?

వేరుశనగ ప్రస్తావన ఊరికే తేలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లాలో సేద్యం చేసినవారు మీరు. పంట మీద నెలనెలా కిస్తీ కడతానని మీరు ఎవరికైనా సంతకం పెట్టారా? పెట్టి ఉండరు. పంట ఏడాదికోసారి వస్తుంది, ఒక్కో ఏడాది అసలే రాదు. లీగ్ కాంట్రాక్టు కూడా అచ్చం అలాంటి వానాధార పంటే. ఆట నెల రోజుల్లో అయిపోతుంది, డబ్బు ఒకసారో రెండుసార్లో వస్తుంది. దాన్ని జీతం అనుకోవడం దగ్గరే మీ లెక్క తప్పింది. నా దగ్గరికి వచ్చే ఆటగాళ్ల ఇళ్లలో, కొత్తగా సినిమా, టీవీ పనుల్లోకి పోయిన పిల్లల ఇళ్లలో కూడా ఇదే తప్పు చూస్తున్నాను. మొదటి చెక్కును పన్నెండుతో హెచ్చవేసి చూసుకుంటారు.

లీగ్ మీద నమ్మకం ఉండాల్సిందే, కానీ దాని చరిత్ర కూడా తెలిసి ఉండాలి. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది, తొలి ఏడాది గెలిచింది మన హైదరాబాద్ సుల్తాన్స్. 2008తో అది ఆగిపోయింది. 2012లో వరల్డ్ సిరీస్ హాకీ వచ్చింది, ఒకే ఒక్క సీజన్ నడిచింది. హాకీ ఇండియా లీగ్ 2013లో మొదలై 2017 వరకు ఆడి ఆగింది. మళ్లీ తెరిచింది 2024 డిసెంబరు చివర్లో. 2017లో 21 ఏళ్ల కుర్రాడు ఆ లీగ్‌ను నమ్ముకుని ఏడేళ్ల కారు లోను తీసుకుని ఉంటే, మళ్లీ లీగ్ మొదలయ్యేసరికి వాడి లోను పూర్తయ్యేది. మధ్యలో కిస్తీలు ఎవరు కట్టారో మాత్రం అడగొద్దు. 2024లో ఈ లీగ్ ఆటగాళ్ల వేలంలో అప్పటి భారత కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్‌కు పలికిన 78 లక్షలు అందరికీ గుర్తుంటాయి. అదే వేలంలో కనీస ధరలు 2, 5, 10 లక్షలని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

మీ బావమరిది కొడుకు చెప్పిన ఐస్ హాకీ సంగతి. అక్కడ కోట్లు ఉన్నది నిజమే. అమెరికా, కెనడా జట్లు ఆడే ఐస్ హాకీ లీగ్ నేషనల్ హాకీ లీగ్‌లో 2025-26కు కనీస జీతమే 7 లక్షల 75 వేల డాలర్లు. అయితే 18 నుంచి 21 ఏళ్ల లోపు సంతకం పెట్టే కుర్రాడికి మొదటి కాంట్రాక్టు మూడేళ్లే. పైగా అది రెండు రేట్ల కాంట్రాక్టు. పెద్ద లీగ్‌లో ఆడితే ఒక జీతం, కింది లీగ్‌కు పంపేస్తే ఇంకొకటి. ఆ రెండోది మొదటిదాంట్లో పదో వంతుకు దగ్గరగా పడిపోవచ్చు. కొత్తగా వచ్చిన కుర్రాడు సీజన్‌లో ఎన్నిసార్లు పైకీ కిందికీ తిరుగుతాడో వాడికే తెలియదు.

జాక్ జాన్సన్ అనే ఐస్ హాకీ ఆటగాడి కథ కూడా మీ బావమరిది కొడుకుకు చెప్పండి. 2005 డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమంలో, మూడో స్థానంలో ఎంపికయ్యాడు. 2011లో ఏడేళ్లకు 3 కోట్ల 5 లక్షల డాలర్ల కాంట్రాక్టు రాసుకున్నాడు. 2014 అక్టోబరులో, 27 ఏళ్ల వయసులో, దివాలా పిటిషన్ వేశాడు. అందులో చూపించిన ఆస్తి 50 వేల డాలర్ల లోపు, అప్పు కోటి డాలర్ల పైన. 2008లో తల్లికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాడని, తర్వాత రాబోయే జీతాన్ని చూపించి అతని పేరు మీద ఎక్కువ వడ్డీకి అప్పులు తెచ్చారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆట పోలేదు అతనికి. 2022లో ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిన కొలరాడో జట్టులో ఉన్నాడు కూడా. పోయింది సంపాదనే. మీ ఉద్దేశం మంచిదేనని నాకు తెలుసు. కానీ మీరు చేయబోతున్నదీ అదే పని: పిల్లాడి పేరు, రాబోయే డబ్బు, ఎక్కువ వడ్డీ.

ఆ ఖాళీ చెక్కు గురించి రాస్తుంటేనే నాకు కోపం వస్తోంది. తెలిసినాయన అయినా సరే, దేవుడైనా సరే, 21 ఏళ్ల కుర్రాడి సంతకంతో అంకె లేని చెక్కు ఎవరి చేతికీ ఇవ్వకూడదు. రేపు ఒక్క వడ్డీ ఆలస్యమైతే ఆయన తనకు తోచిన అంకె వేసి బ్యాంకులో వేస్తాడు. చెక్కు బౌన్స్ అంటే క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. రైల్వేస్‌కో, పోలీసు శాఖకో స్పోర్ట్స్ కోటాలో పోవాల్సిన పిల్లాడు కోర్టు వాయిదాలకు తిరగాలా?

ఇక చేయాల్సిన పని. మొదటిది, రెండోది, మూడోది కూడా ఎమర్జెన్సీ ఫండే, అంటే కష్టకాలానికి పక్కన పెట్టే డబ్బే. నా కాలమ్ చదివేవాళ్లు నవ్వుకుంటారు, ఈయనకు వేరే మాట రాదని. రాకపోతే పోనీ. జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను, ఆటగాడి ఇంటికి మాత్రం ఏడాదికి తక్కువ ఒప్పుకోను. మీ అబ్బాయి తిండి, జిమ్ము, ప్రయాణాలు, స్టిక్‌లు, షూలు కలిపి నెలకు 14 వేలు, మీ ఇంటికి 10 వేలు అనుకుందాం. 24 వేలు. పన్నెండు నెలలకు 2 లక్షల 88 వేలు. చేతికి వచ్చే నాలుగున్నర లక్షల్లో ఇది ముందే తీసి పక్కన పెట్టాలి. కోత అయ్యాక వచ్చే ఏటి విత్తనానికి కాయలు విడిగా మూట కట్టి అటక మీద పెడతారు కదా, ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా ఆ మూట విప్పరు. ఈ డబ్బూ అంతే. అబ్బాయి పేరు మీద, రోజువారీ వాడే ఖాతా కాకుండా వేరే బ్యాంకులో, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే డిపాజిట్‌లో వేయండి. చీటీ వద్దు. ఎవరికో చేబదులు ఇవ్వడం అసలే వద్దు. లీగ్‌లో ఆడుతున్నాడని తెలిశాక మీ ఇంటికి చుట్టాలు పెరుగుతారు. ఆ డబ్బు అబ్బాయి పేరు మీద ఉంటే మీకు "నా చేతిలో లేదు" అని చెప్పే వీలుంటుంది.

మీ ఆవిడ బంగారం ఈ ఫండ్ వెనక ఉండే రెండో ఫండ్. మోకాలి లిగమెంటు తెగి ఆపరేషన్ అయ్యిందంటే తొమ్మిది నెలల దాకా గ్రౌండ్ మొహం చూడలేడు. డిఫెండరు అంటున్నారు, పెనాల్టీ కార్నర్‌లో గోల్ మీదికి విసురుగా వచ్చే డ్రాగ్ ఫ్లిక్ షాట్‌కు ఎదురు పరిగెత్తేది ఎవరో మీకే తెలుసు. అలాంటి రోజుకు ఇంట్లో ఉండాల్సిన బంగారాన్ని కారు డౌన్ పేమెంటుకు తాకట్టు పెడతారా?

కారు సంగతి ఇంతటితో వదిలేద్దాం. క్యాంపులు, మ్యాచ్‌లు అంటూ ఏడాదిలో సగం ఇంటి పట్టున ఉండని కుర్రాడికి కల్యాణదుర్గం పల్లెలో కారు ఎందుకు? స్లాబు ఒక ఏడాది ఆగుతుంది. ఇటుకకు ఆకలి వేయదు.

ఫండ్, కిట్టు, ఇన్సూరెన్సు పోగా లక్ష మిగిలితే రికరింగ్ డిపాజిట్, ఇండెక్స్ ఫండ్ ఏదైనా సరే, పెద్ద తేడా ఏమీ రాదు. ఆదాయం ఇంతే అయితే ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో పన్ను పడదు, కాబట్టి రిటర్ను వేయించండి, కోసిన టీడీఎస్ వెనక్కి వస్తుంది. ఆపేసిన డిగ్రీని దూరవిద్యలోనైనా పూర్తి చేయించండి. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం వచ్చాక కారు గురించి నాకు మళ్లీ రాయండి, అప్పుడు ఇంత కటువుగా చెప్పను.

చివరగా ఇన్సూరెన్సు. లీగ్ జరిగే రోజుల్లో జట్టు ఏ కవర్ ఇస్తుందో కాగితం మీద అడిగి తీసుకోండి. మిగతా పదకొండు నెలలు మీవే. ఆరోగ్య బీమాతోపాటు పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ కావాలి. కానీ ప్రొఫెషనల్ ఆటల్లో తగిలే దెబ్బలకు డబ్బు ఇవ్వం అని రాసి ఉండే యాక్సిడెంట్ పాలసీలు చాలా ఉంటాయి. మినహాయింపుల పేజీ చదివాకే ప్రీమియం కట్టండి. ప్రపోజల్ ఫారంలో వృత్తి అన్నచోట హాకీ ఆటగాడు అని రాయించండి. ప్రీమియం తగ్గుతుంది, విద్యార్థి అని రాద్దాం సార్ అని ఏజెంటు అంటే, ఆ ఏజెంటును మార్చండి. ఫైనాన్స్ ఆయన దగ్గరున్న కాంట్రాక్టు జిరాక్సు కూడా ఈ వారంలోనే వెనక్కి తెచ్చుకోండి.