ఎలక్ట్రాలిసిస్‌తో గడ్డం మీది వెంట్రుకలు శాశ్వతంగా పోతాయా?

హైదరాబాద్‌లో ఏ స్కిన్ క్లినిక్ బోర్డు చూసినా లేజరే కనిపిస్తోంది, మరి ఎలక్ట్రాలిసిస్ సంగతేంటని అడిగారు. శాశ్వతంగా పోతాయి. మందులు, వైద్య పరికరాలను పర్యవేక్షించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ లేజర్‌కు ఇచ్చింది 'శాశ్వతంగా తగ్గించడం' వరకే, పూర్తిగా తొలగించడమంటే ఎలక్ట్రాలిసిస్‌నే ఒప్పుకుంటుంది.

సన్నటి సూదిని వెంట్రుక పక్కనే రంధ్రంలోకి దించి కొద్దిపాటి కరెంటు పంపుతారు. గాల్వానిక్ పద్ధతిలో ఆ కరెంటు అక్కడి ఉప్పు, నీటి నుంచి సోడియం హైడ్రాక్సైడ్ పుట్టించి కుదురును చంపేస్తుంది. థర్మాలిసిస్‌లో వేడే ఆ పని చేస్తుంది. రెండూ కలిపితే బ్లెండ్. 1875లో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టర్ కంట్లోకి పెరిగే రెప్పవెంట్రుకల కోసం వాడిన ఉపాయమే ఈ గాల్వానిక్ పద్ధతి.

లేజర్‌కు వెంట్రుకలో రంగు ఉండాలి, దీనికి నెరిసినా పర్వాలేదు. చిక్కల్లా ఓపికే. ఒక్కో వెంట్రుకకూ విడిగా సూది, చురుక్కుమనే నొప్పి, నెలల తరబడి తిరుగుడు. అందుకే గడ్డానికి, పైపెదవికి సరే గానీ కాళ్లకు నేనైతే చెప్పను.

వెళ్లేముందు కొన్ని వారాలు త్రెడింగ్ ఆపండి, కత్తెర వాడుకోవచ్చు. పీసీఓఎస్ (ఆడవాళ్లలో హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) ఉంటే దానికి వైద్యం కూడా జరగాలి, లేదంటే కొత్తవి మొలుస్తూనే ఉంటాయి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. మన రంగు చర్మానికి మచ్చ త్వరగా పడుతుంది, కాబట్టి మే ఎండల్లో సన్‌స్క్రీన్ తప్పనిసరి. సూది మీ ఎదుటే కొత్త ప్యాకెట్ చించి తీయాలి.