బుజ్జీ, ముందు ఒక్క ఐపీస్ కొను

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన లిస్టు చూశాను. ఏడు ఐపీసులు, అంటే టెలిస్కోప్‌కి తగిలించి కన్ను పెట్టి చూసే లెన్సు గొట్టాలు, రెట్లు పెంచే ఒక బార్లో లెన్సు, పైగా రంగురంగుల ఫిల్టర్లతో ఒక సెట్టు పెట్టె. టెలిస్కోప్ వచ్చిన అట్టపెట్టె ఇంకా హాల్లోనే ఉందని మీ అమ్మ చెప్పింది, అప్పుడే ఇంత షాపింగా? ఆ ఫిల్టర్ల సెట్టుని ముందు లిస్టులోంచి కొట్టేయి. అలాంటి సెట్లలో 17, 13 ఎంఎం ఐపీసులు పక్కపక్కనే ఉంటాయి. నీ టెలిస్కోప్‌లో ఒకటి 70 రెట్లు పెద్దది చేస్తే ఇంకోటి 92 రెట్లు చేస్తుంది. ఆ కాస్త తేడా కోసం చీకట్లో తడుముకుంటూ ఐపీస్ మార్చే ఓపిక ఎవరికీ ఉండదు. 6 ఎంఎం ప్లాసల్ (మామూలు రకం ఐపీస్) అయితే కనురెప్పల వెంట్రుకలు గాజుకి రాసుకునేంత దగ్గరగా కన్ను పెట్టాలి. ఇక రంగు ఫిల్టర్లు నీ కూతురు ఆడుకోవడానికి పనికొస్తాయి.

లెక్క నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. నీది డాబ్సోనియన్, అంటే చేత్తో తిప్పే అద్దం టెలిస్కోప్; అద్దం వెడల్పు 8 అంగుళాలు, ఫోకల్ లెంగ్త్ 1200 ఎంఎం. 1200ని ఐపీస్ మీదున్న నంబరుతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. కంపెనీవాళ్ళు ఇచ్చిన 25తో 48 రెట్లు, 10తో 120 రెట్లు. అందరూ ఈ లెక్క దగ్గరే ఆగిపోతారు. ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ఐపీస్ నంబరుని టెలిస్కోప్ ఫోకల్ రేషియోతో (ఫోకల్ లెంగ్త్‌ని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది) భాగించు, నీకది దాదాపు 6. 25 పెడితే 4 ఎంఎం పైచిలుకు, 8 పెడితే 1.3 ఎంఎం. ఐపీస్‌లోంచి నీ కంట్లోకి దూకే వెలుగు కట్ట మందం అది. ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. నీ కళ్ళద్దాల సంగతి దీనిమీదే ఆధారపడి ఉంది, కాసేపట్లో అక్కడికి వస్తాను.

ముందు, నువ్వు ఎక్కడినుంచి చూస్తున్నావో ఆలోచించు. ఎక్కడ చదివినా "మొదట బాగా వెడల్పుగా కనిపించే పెద్ద ఐపీస్ కొనండి" అనే చెబుతారు. చీకటి ఆకాశం ఉన్నవాళ్ళకి ఆ మాట సరైనదే. మారతహళ్ళిలో అపార్ట్‌మెంట్ డాబా మీద, చుట్టూ టెక్ పార్కుల లైట్లు, అవతల అవుటర్ రింగ్ రోడ్డు. అక్కడ 40 రెట్ల దగ్గర వెడల్పుగా కనిపించేది బూడిదరంగు ఆకాశమే. రెట్లు పెంచితే ఆ నేపథ్యం నల్లబడుతుంది. చుక్కలు మాత్రం చుక్కలుగానే ఉంటాయి కాబట్టి తేటగా తేలతాయి.

మనకి పోయినచోట పోయినా ఇంకోచోట కలిసొచ్చింది. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ధనుస్సులో ఉన్న గ్రహం లండన్‌లో ఎంత పైకొచ్చినా దిగంతానికి 15 డిగ్రీల ఎత్తు దాటదు. అదే గ్రహం మనకి 54 డిగ్రీల దాకా ఎక్కుతుంది. మిథునంలో ఉంటే దాదాపు నడినెత్తిన, 80 డిగ్రీల ఎత్తున వెలుగుతుంది. అంత పైన ఉన్నప్పుడు మధ్యలో గాలి తక్కువ, బొమ్మ వణకడం తక్కువ. గురుడు, శని, చంద్రుడు, జంట నక్షత్రాలు, వీటికి సిటీ లైట్లతో పనే లేదు. అందుకే బెంగళూరులో మొదటి డబ్బు 8 లేక 9 ఎంఎం ఐపీస్ మీద పెట్టాలంటాను. నీకు 133 నుంచి 150 రెట్లు వస్తాయి. ఇక్కడి గాలి ఎక్కువ రాత్రులు ఒప్పుకునేది అంతే. 8 అంగుళాలకి 400 రెట్ల దాకా వెళ్ళొచ్చని పెట్టె మీద రాస్తారు, రాయనీ.

వెతుక్కోవడానికి నీ 25 ఉండనే ఉంది. దాన్ని పారేయకు, మార్చకు. ఆకాశంలో ఒక డిగ్రీ వెడల్పు చూపిస్తుంది, అంటే రెండు చందమామలు పక్కపక్కన పట్టేంత. ముందు దాంతో పట్టుకో, మధ్యలోకి తెచ్చుకో, తర్వాత 8 పెట్టు. వెంట వచ్చిన 10 మాత్రం నాకు నచ్చదు. కొత్తది వచ్చాక అది నీ చేతికి రాదు చూడు.

ఇప్పుడు ఏ 8 అన్నది. నీ డాబ్సోనియన్‌కి మోటారు లేదు, భూమి తిరుగుతుంటే నువ్వే చేత్తో తోస్తూ ఉండాలి. ఆకాశం నిమిషానికి పావు డిగ్రీ జరిగిపోతుంది. మామూలు ప్లాసల్‌కి 50 డిగ్రీల చూపు ఉంటుంది, అంటే కన్ను పెడితే కనబడే గుండ్రం వెడల్పు; దాన్ని రెట్లతో భాగిస్తే ఆకాశంలో ఎంత పడుతుందో వస్తుంది. 150 రెట్ల దగ్గర గురుడు ఈ చివర కనబడి ఆ చివరకి జారిపోవడానికి ఒక నిమిషం 20 సెకన్లు. తోసిన తర్వాత గొట్టం ఊగడం ఆగేసరికే అందులో కొంత పోతుంది. 82 డిగ్రీల ఐపీస్‌లో అదే గురుడు రెండు నిమిషాలు దాటి ఉంటాడు. పైగా పూర్ణ చంద్రుడు అంచులతో సహా పడతాడు. వెడల్పు చూపు అందం కోసం అనుకుంటారుగానీ మోటారు లేనివాళ్ళకి అది టైము. మీ ఆయన, పాప, పక్కింటివాళ్ళు లైన్లో నిలబడితే ఆ అరనిమిషాల విలువ తెలుస్తుంది.

ఈ వెడల్పు సరదా పెట్టింది అల్ నాగ్లర్ అనే అమెరికా ఆయన. జెమినీ, అపోలో వ్యోమగాముల శిక్షణకి సిమ్యులేటర్లు తయారుచేసే చోట పనిచేశాడు. కిటికీలోంచి చూసినట్టు ఆకాశం కనబడాలని అక్కడ వేసిన ఆలోచనే 1980 ప్రాంతంలో 82 డిగ్రీల ఐపీస్ అయింది. దానికి ముందు చాలామంది ప్లాసల్ లాంటి ఇరుకు చూపు వాటితోనే గడిపారు. వియన్నాలో 1860లో పుట్టిన డిజైన్ అది, ఇప్పటికీ పాడుకాలేదు. నాగ్లర్ పేరున్న అసలువి కొనమని నేను చెప్పను. కొన్ని ఐపీసులు నీ టెలిస్కోప్ కంటే ఖరీదు. ఆ దారిలో వచ్చిన చవకరకాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. 82 అందకపోతే 66, 68 డిగ్రీల్లో చూడు. గోల్డ్ లైన్ అని పిలుచుకునేవి 6, 9, 15, 20 సైజుల్లో వస్తాయి. వాటిలో 6, 9 డబ్బుకి తగ్గవి. 15, 20 నీ టెలిస్కోప్‌లో అంచుల దగ్గర చెదురుతాయి, అవి వద్దు.

కళ్ళద్దాల సంగతికి వద్దాం. దగ్గరచూపు, దూరపుచూపు లోపాలని ఫోకస్ నాబ్ సరిచేసేస్తుంది, వాటికి కళ్ళద్దాలు అక్కర్లేదు. సిలిండర్ (ఆస్టిగ్మాటిజం) ఉంటే మాత్రం నాబ్ చేతిలో లేదు. నీ కళ్ళద్దాల చీటీలో సిలిండర్ గడి చూడు. అది 1 లోపు ఉంటే 8 ఎంఎం దగ్గర కళ్ళద్దాలు తీసేయొచ్చు, ఎందుకంటే 1.3 ఎంఎం వెలుగు కట్ట నీ కంటి నడిమధ్య చిన్న భాగాన్నే వాడుకుంటుంది. 25 దగ్గర 4 ఎంఎం కట్ట, అక్కడ కళ్ళద్దాలు తీస్తే చుక్కలకి రెక్కలొస్తాయి. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. సిలిండర్ 1.5 దాటితే 8 దగ్గర కూడా కళ్ళద్దాలు పెట్టుకునే చూడాలి. అప్పుడు 82 డిగ్రీల మోజు పక్కనపెట్టి, ఐ రిలీఫ్ 16 నుంచి 20 ఎంఎం ఉన్న 60 డిగ్రీలది తీసుకో. ఐ రిలీఫ్ అంటే గాజుకీ కంటికీ మధ్య ఉండాల్సిన దూరం.

కంపెనీ చెప్పిన అంకెని నమ్మకు. పైగాజు లోపలికి దిగి ఉంటే అందులో రెండు మూడు ఎంఎంలు రబ్బరు కప్పే తినేస్తుంది. టెలిస్కోప్ లేకుండానే పరీక్ష చెయ్యొచ్చు. పగలు కళ్ళద్దాలతో ఐపీస్‌ని కిటికీవైపు ఎత్తి పట్టుకుని చూడు. వెలుగు గుండ్రం చుట్టూ నల్లటి అంచు ఉంటుంది. ఆ అంచు మొత్తం ఒకేసారి కనబడితే సరిపోయినట్టే. తల అటూ ఇటూ తిప్పితేగానీ కనబడకపోతే, నువ్వు డబ్బు పెట్టి కొన్న వెడల్పులో సగం నీకు దక్కదు.

రాత్రి పరీక్ష ఇంకోటుంది. ప్రకాశమైన చుక్కని మధ్యలో సరిగ్గా ఫోకస్ చేసి, మెల్లగా అంచుకి జరగనివ్వు. అక్కడ ఉబ్బితే నాబ్ కొంచెం తిప్పు. మళ్ళీ చుక్కగా మారితే ఫరవాలేదు, ఆ ఐపీస్ చూపే తలం కాస్త వంగి ఉంది, అంతే. ఎంత తిప్పినా చిన్న పక్షి రెక్కలు చాపినట్టే ఉంటే అది ఐపీస్ లోపం, వెనక్కి ఇచ్చేయి. మధ్యలోనే చెదిరితే ఐపీస్‌ని తిట్టకు. మిర్రర్లు సరిగ్గా కుదర్చలేదు, లేదా ఇంకా చల్లబడలేదు. ఇంట్లోంచి బయటికి తెచ్చాక అరగంట పైనే వదిలేయాలి. పగలంతా ఎండకి కాగిన డాబా రాత్రి తొమ్మిది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. పక్క బిల్డింగు ఏసీ యూనిట్ల మీదుగా శనిని చూస్తే వేడి పెనం మీద నీటిచుక్కలా గంతులేస్తాడు. ఏ ఐపీసూ దాన్ని ఆపలేదు. కాస్త మసకగా, ఆకు కదలని రాత్రుల్ని వదులుకోకు. చుక్కలు తక్కువ కనబడతాయిగానీ గ్రహాలు నిలకడగా ఉంటాయి. 2025లో అంచుకి తిరిగి గీతలా మారిన శని వలయాలు మళ్ళీ విచ్చుకుంటున్నాయి, ఏటేటా మెరుగే.

ఆ 8తో ఒక సీజన్ గడిపాక రెండోది. నా ఓటు 14కి. 86 రెట్లు, 2.4 ఎంఎం వెలుగు కట్ట. గుళికల్లాంటి గోళాకార నక్షత్ర గుచ్ఛాలకి, మృగవ్యాధుడి (ఓరియన్) నెబ్యులా అనే వాయుమేఘానికి ఇంతకంటే సుఖమైనది లేదు. ఏప్రిల్, మే నెలల్లో వానలు పట్టకముందు దక్షిణాన 30 డిగ్రీల ఎత్తున ఒమేగా సెంటారీ అనే గోళాకార గుచ్ఛం వస్తుంది. లండన్‌వాళ్ళకి అది కనబడనే కనబడదు. ఆకాశంలో చందమామ కంటే ఎక్కువ వెడల్పున ఉంటుంది. 82 డిగ్రీల 14లో మొత్తం పడుతుంది, చుట్టూ కాస్త చీకటి కూడా మిగులుతుంది.

మూడోది 5 లేక 6 అనుకో, గాలి బాగా కుదిరిన రాత్రులకి. తొందరేం లేదు. బార్లో కొంటే 14ని 7గా వాడుకోవచ్చుగా అంటావు. వాడుకోవచ్చు. కానీ 8 చేతిలో ఉండగా 7 ఎందుకు? అదే బార్లో 8కి తగిలిస్తే 300 రెట్లు, మన గాలికి అది అత్యాశ. జూమ్ ఐపీస్ 8 నుంచి 24 దాకా తిరుగుతుంది, స్కూలు పిల్లలకి చూపించడానికి నాకు బాగానే ఉపయోగపడింది. కానీ 24 దగ్గర, వెడల్పు కావాల్సిన చోటే, చూపు ఇరుకైపోతుంది.

నీ లిస్టులో ఉన్న, 2 అంగుళాల గొట్టానికి పట్టే ఆ 30 ఎంఎం లావుపాటిది ఇప్పుడు వద్దని ఎందుకంటున్నానంటే, అది మారతహళ్ళిది కాదు, హిందూపురంది. లేపాక్షి దాటాక మన పొలం దగ్గర ఆకాశం వేరు. ఉగాదికి ఎలాగూ వెళ్తావు. ఉగాది అమావాస్య మర్నాడే కాబట్టి చంద్రుడి బెడద లేదు. దీపావళి కూడా అమావాస్యేగానీ ఆ పొగలో ఏం చూస్తాం? సాయంత్రం పడమటి దిక్కున పిల్లలకోడి (కృత్తికలు) దిగిపోయేలోపు 30తో చూస్తే, ఒకటిన్నర డిగ్రీ పైన వెడల్పులో గుంపంతా చుట్టూ ఖాళీతో సహా కనబడుతుంది. ఏడాదికి నాలుగుసార్లు ఊరెళ్ళే మాటుంటే అప్పుడు కొను. దాని బరువుకి గొట్టం ముందుకి వాలుతుంది, వెనక ఒక అయస్కాంతం అంటించుకోవాలి.

శుభ్రం గురించి రెండు మాటలు. కాటుక పెట్టుకుని ఐపీస్ దగ్గరికి రావద్దు, ఇంటికొచ్చిన ఆడవాళ్ళకి కూడా మొహమాటపడకుండా చెప్పు. రెప్పల జిడ్డు, కాటుక కలిసి గాజు మీద పూతలా పడుతుంది. చుడీదార్ చున్నీతో తుడిస్తే గాజు మీది కోటింగు గీతలు పడుతుంది. ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదాలి, తర్వాత లెన్సు టిష్యూ మీద ఒక చుక్క ద్రవం, అంతే. వానాకాలం నాలుగు నెలలూ సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టు. బీరువాలో బట్టల మధ్య పెడితే బూజు పడుతుంది.

నా దగ్గర రెండు 8లు ఉన్నాయి, ఒకటి 82 డిగ్రీలది, ఒకటి 60ది. ఆదివారం జయనగర్ వచ్చి రెండూ పట్టుకెళ్ళు. నెలరోజులు నీ టెలిస్కోప్‌లో పెట్టి చూసుకుని, ఏది కుదిరితే ఆ రకం కొనుక్కో. వచ్చేటప్పుడు కళ్ళద్దాల చీటీ తీసుకురా, పోయినసారి నువ్విక్కడ మర్చిపోయిన టిఫిన్ డబ్బా కూడా ఉంది.

మీ పెద్దమ్మ