అమ్మాయి చూసే బొమ్మల సినిమాలు నేనూ చూడాలా?

ప్రశ్న: నాకు 48 ఏళ్ళు. తాండూరు దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మాది రైతు కుటుంబం, మా నాన్న కుసుమలు, కందులు వేసేవాడు. నాకు ఒక్కతే కూతురు, హైదరాబాద్‌లో బీటెక్ రెండో సంవత్సరం. సెలవులకు వచ్చినప్పుడల్లా జపాన్ వాళ్ళ బొమ్మల సినిమాలు చూస్తుంది. "ఒక్కటి చూడు నాన్నా" అని చాలాసార్లు అడిగింది. దసరాకి సరేనని కూర్చున్నాను. కత్తులు, రాక్షసులు, ఒకటే అరుపులు. ఇరవై నిమిషాలకే లేచి, "పంతొమ్మిదేళ్ళు వచ్చి ఈ బొమ్మలేంటి, సిగ్గుగా లేదా?" అన్నాను. అప్పుడు ఇంట్లో చుట్టాలున్నారు. అప్పటి నుంచి ఫోన్‌లో నాతో రెండు ముక్కలు మాట్లాడి అమ్మకివ్వమంటోంది. చదువులో ఏ లోటూ లేదు. మా ఆవిడ తప్పు నాదే అంటోంది. ఈ వయసులో నేను బొమ్మలు చూడాలా? చూస్తే ఏది చూడాలి?

జవాబు: మాస్టారూ, మీ చివరి ప్రశ్న చదివాక నాకు ధైర్యం వచ్చింది. "ఏది చూడాలి?" అని అడిగారంటే మీ మనసు సగం కదిలినట్టే. కానీ సినిమా సంగతి తర్వాత. ముందు చుట్టాల ముందు అన్న ఆ మాట సంగతి చూడాలి. అమ్మాయికి బాధ కలిగింది మీకు సినిమా నచ్చనందుకు కాదు, తనకు నచ్చినదాన్ని నలుగురిలో సిగ్గుపడాల్సిన పనిగా చేసినందుకు. ఈసారి ఫోన్ చేసినప్పుడు అమ్మకిచ్చే లోపే చెప్పండి: "ఆ రోజు అందరి ముందు అలా అనకూడదమ్మా, తప్పు నాదే." అంతటితో ఆపండి. "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెడితే క్షమాపణ అక్కడే చచ్చిపోతుంది.

చాలామంది తల్లిదండ్రులు నాకు రాసే ఉత్తరాల్లో ఒకే బాధ ఉంటుంది. పిల్లలు గది తలుపు వేసుకుంటున్నారు, ఏం చూస్తున్నారో చెప్పరు, అడిగితే విసుక్కుంటారు అని. మీ అమ్మాయి తలుపు తీసి, పక్కన కుర్చీ వేసి, నాన్నా రా అని పిలిచింది. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ పిలుపు ఎంత విలువైనదో మీకు తెలియాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక బొమ్మలు చిన్నపిల్లలకే అన్న మాట. మీ వయసు బట్టి చూస్తే, 1993లో ఆదివారాలు దూరదర్శన్‌లో వచ్చిన మోగ్లీ సీరియల్ మీరు చూసే ఉండాలి. అడవిలో తోడేళ్ళు పెంచిన పిల్లవాడు, గుల్జార్ రాసిన ఆ హిందీ పాట. అది జపాన్ వాళ్ళు 1989లో తీసిన బొమ్మల సీరియలే, మనకు హిందీ మాటలతో వచ్చింది. అప్పుడు మనలో ఎవరూ అది ఏ దేశానిదని అడగలేదు.

మీరు చూసినది మీకు నచ్చకపోవడంలో తప్పేమీ లేదు. నాకూ కత్తియుద్ధాలవి ఎక్కవు. కానీ జపాన్‌లో బొమ్మలతో తీసేది ఒక్క రకం కథ కాదు. ప్రేమ, యుద్ధం, ముసలితనం, వ్యవసాయం, ఆఫీసు ఉద్యోగం, అన్నీ తీస్తారు. ఒక్క ఫైటు చూసి తెలుగు సినిమా అంటే ఇంతే అని ఎవరైనా తేల్చేస్తే మీరు ఒప్పుకుంటారా?

మీకు నేను మొదట చెప్పేది ఒకే ఒక్క సినిమా. 'ఓన్లీ యెస్టర్‌డే'. జపాన్‌లో బొమ్మల సినిమాలు తీసే జిబ్లీ స్టూడియోలో దర్శకుడు ఇసావో తకహాతా 1991లో తీశారు. రాక్షసులు లేరు, మాయలు లేవు. తయెకో అనే 27 ఏళ్ళ అమ్మాయి టోక్యోలో ఆఫీసు ఉద్యోగం చేస్తూ, సెలవు పెట్టి యమగతా అనే పల్లె ప్రాంతానికి పొలం పనికి వెళ్తుంది. ఏ పొలమో తెలుసా? కుసుమ పొలం! తెల్లవారుజామున, మంచుకి ముళ్ళు మెత్తగా ఉన్నప్పుడే పువ్వులు కోయాలి. కోసినవాటిని నలిపి, పులియబెట్టి, ముద్దలు చేసి ఎండబెడతారు. పూర్వం పెదవులకు పూసుకునే ఎర్ర రంగు దాని నుంచే తీసేవారు. ముళ్ళు గుచ్చుకుంటూ ఆ పువ్వులు కోసిన పేద ఆడపిల్లలు మాత్రం ఆ రంగు ఒక్కసారి కూడా పూసుకోలేదని తయెకో తలచుకుంటుంది. మీరు నూనె గింజల కోసం కుసుమలు వేసే ఇంట్లో పెరిగారు. ఆ ముళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా? ఆ ఊళ్ళో తొషియో అనే కుర్ర రైతు ఒక మాట చెబుతాడు. పట్నం వాళ్ళు ప్రకృతి అని మురిసిపోయే ఈ కొండలు, వాగులు, పొలాలు, అన్నీ తరతరాల రైతులు పనిచేసి తయారుచేసినవే అని. ఆ చోట ఒక్క క్షణం సినిమా ఆపి, మీ నాన్నగారి పొలం గురించి అమ్మాయికి చెప్పండి. తనకు తెలియనివి చాలా ఉంటాయి.

పల్లెలో ఉన్నన్ని రోజులూ తయెకోకి తన పదేళ్ళ వయసు, 1966 నాటి రోజులు గుర్తొస్తుంటాయి. లెక్కల మాస్టారిగా మీరు తప్పకుండా చూడాల్సిన ఘట్టం అందులో ఉంది. ఆ పిల్లకి భిన్నాల భాగహారంలో మార్కులు పోతాయి. మూడింట రెండు వంతుల్ని నాలుగో వంతుతో భాగించడం అంటే ఏమిటి? ఆపిల్ బొమ్మ గీసి, ముక్కలు చేసి, అర్థం చేసుకోవాలని చూస్తుంది. అక్క మాత్రం "తిరగేసి గుణించు, అంతే!" అని అరుస్తుంది. తిరగేసి గుణించిన పిల్లలు ముందుకెళ్ళిపోతారు, ఎందుకు అని ఆగిన పిల్ల మందబుద్ధి అనిపించుకుంటుంది. మీ క్లాసులో చివరి బెంచీలో అలా ఆగిపోయిన పిల్ల ఒకరైనా మీకు గుర్తొస్తారు.

ఆ ఇంట్లో తండ్రి కూడా ఉన్నాడు. పేపర్ చదువుతూ, తక్కువ మాట్లాడే మనిషి. స్కూలు నాటకంలో ఒక్క డైలాగు చక్కగా చెప్పిన తయెకోని బయటి నాటకంలో వేయడానికి అడిగితే, ఆయన వద్దంటాడు. అంతే, ఇంట్లో ఆ మాటకి తిరుగు లేదు. ఒకసారి ఇంట్లోవాళ్ళు బయటికి వెళ్తుంటే తయెకో రానని అలిగి, మళ్ళీ తానూ వస్తానని చెప్పుల్లేకుండా గడప దాటి పరిగెత్తుకొస్తే చెంప మీద కొడతాడు. ఆయన కొట్టింది ఆ ఒక్కసారే. అయినా 27 ఏళ్ళకి కూడా ఆమె ఆ దెబ్బ దగ్గరే ఆగి, ఎందుకు కొట్టాడా అని అడుగుతుంటుంది. ఇది చూసేటప్పుడు మీకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. తకహాతా ఆ తండ్రిని చెడ్డవాడిగా చూపించలేదు. ఆ ఒక్క క్షణం ఆ పిల్లలో ఎన్నేళ్ళు మిగిలిందో చూపించాడు. మీ దసరా మాట ఇంకా అంత పాతబడలేదు. అందుకే ముందు ఆ ఫోన్ సంగతి రాశాను.

ఇంకొకటి ముందే చెబుతున్నాను. స్కూల్లో ఆడపిల్లలకు నెలసరి గురించి చెప్పడం, మగపిల్లలు ఏడిపించడం కూడా కథలో వస్తుంది. అప్పుడు మంచినీళ్ళకని లేవకండి. మామూలుగా కూర్చోండి. అమ్మాయికి అది పెద్ద విషయం.

ఇంటర్నెట్‌లో వెతికితే వేరే పేర్లు ముందు కనిపిస్తాయి. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' గొప్ప సినిమా, ఇదీ తకహాతాదే. 1945లో కోబె నగరం మీద బాంబులు పడ్డాక అన్న, చిన్న చెల్లి ఒంటరిగా బతకడానికి పడే పాట్లు. గుండె పిండేస్తుంది. మీ ఇద్దరి మధ్య మాట మళ్ళీ కలవాల్సిన రోజున అది వద్దు. 2002లో బెర్లిన్ చిత్రోత్సవంలో, 2003లో ఆస్కార్‌లో గెలిచిన 'స్పిరిటెడ్ అవే' అందరూ చెబుతారు, అది జిబ్లీలోనే ఇంకో దర్శకుడు మియజాకీ తీసినది. అందులో వింతలు ఎక్కువ, కొత్తవారికి తికమకగా ఉండొచ్చు. అది తర్వాత. జపాన్ వాళ్ళు, మనవాళ్ళు కలిసి తీసిన రామాయణం 2025 జనవరిలో తెలుగు మాటలతో కూడా థియేటర్లకు వచ్చింది. మీ ఆవిడకి, ఇంట్లో పెద్దవాళ్ళకి అది బాగుంటుంది. మీకు మాత్రం మొదట అది చెప్పను. తెలిసిన కథ కాబట్టి ప్రతి సీనుకీ తప్పొప్పులు పట్టుకుంటూ కూర్చుంటారు.

మొదటిది నచ్చితే, రెండోదిగా మియజాకీ 1988లో తీసిన 'మై నైబర్ టొటోరో' చూడండి. అమ్మ ఆస్పత్రిలో, నాన్నతో పల్లెలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వానలో బస్సు స్టాపు దగ్గర నాన్న కోసం ఎదురుచూసే సీనులో చాలాసేపు ఏమీ జరగదు, వాన చప్పుడు తప్ప. మా అక్క ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో నేను ఆవిడ కూతురి పక్కన కూర్చుని మొదటిసారి అది చూశాను. ఆ పిల్ల అన్ని రోజులుగా చెప్పలేని భయం ఆ రాత్రి నాతో చెప్పింది.

కొన్ని చిన్న విషయాలు. జిబ్లీ సినిమాలు 2020 నుంచి మన దగ్గర నెట్‌ఫ్లిక్స్‌లో వస్తున్నాయి. మాటలు జపనీస్‌లో, కింద ఇంగ్లిష్ అక్షరాలు. చదవడం అందకపోతే ఊరికే చూసీచూడనట్టు వదిలేయకండి, "ఇదేమంది?" అని అడగండి. అమ్మాయి తెలుగులో చెబుతుంది. అసలు ఆ చెప్పడం కోసమే కదా ఇదంతా. 'ఓన్లీ యెస్టర్‌డే' దాదాపు రెండు గంటలు, నిదానంగా నడుస్తుంది. రాత్రి భోజనం చేశాక పెడితే కునుకు వస్తుంది, ఆదివారం పొద్దున పెట్టుకోండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, తను నొచ్చుకోదు. చివరిదాకా కూర్చుని ఇది నచ్చలేదు అనడం వేరు, ఇరవై నిమిషాలకు లేచిపోవడం వేరు.

తను చూసేవన్నీ మంచివేనా అన్న టెన్షన్ కూడా మీకు ఉంటుంది. హింస, అసభ్యత ఉన్నవీ అందులో ఉన్నాయి, మన సినిమాల్లో ఉన్నట్టే. పంతొమ్మిదేళ్ళ పిల్ల, చదువు బాగుంది. నిద్ర సరిగ్గా పోతోందా అని మాత్రం అడగండి, చాలు.

ఒక్క మాట మర్చిపోకుండా రాస్తున్నాను. సినిమా చివర పేర్లు పడటం మొదలవగానే లైటు వేయకండి, రిమోట్ తీసుకోకండి. తయెకో కథ అసలు ముగిసేది ఆ పేర్లు నడుస్తున్నప్పుడే. అమ్మాయి లేచేదాకా మీరూ కూర్చోండి.