పళ్ల వరుసకు 1,80,000 రూపాయలు: సంతకానికి ముందు మరో డాక్టరును అడగండి

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విశాఖపట్నంలో ప్రైవేటు పాఠశాల టీచరును, జీతం 38 వేలు. కింది ముందు పళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉన్నాయి. ఒక క్లినిక్‌లో అలైనర్లకు (పళ్లను మెల్లగా సరిచేసే పారదర్శక తొడుగులకు) 1,80,000 చెప్పారు. వడ్డీ లేని ఈఎంఐ 18 నెలలు ఇస్తామని, ఒకేసారి కడితే 1,65,000 చాలని, ఆదివారం దాటితే ఈ ధర ఉండదని అన్నారు. నా దగ్గర 60 వేల డిపాజిట్ మాత్రమే ఉంది. వేరే డాక్టరును అడిగితే వీళ్లు నొచ్చుకుంటారేమో. ఏం చేయాలి?

జవాబు: ఆదివారం దాటిపోనివ్వండి. ఏళ్లుగా అలాగే ఉన్న పళ్లకు మూడు వారాల ఆలస్యం వల్ల నష్టం ఉండదు. నొచ్చుకుంటారన్న బెంగ అసలే వద్దు. రెండో అభిప్రాయం తీసుకోవడం, తన రికార్డుల ప్రతులు పొందడం రెండూ జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉన్నాయి. పళ్లన్నీ ఒకేసారి కనిపించే మీ ఓపీజీ ఎక్స్‌రే, పళ్ల స్కాన్ అడిగి తీసుకోండి. వాటికి మళ్లీ డబ్బు పెట్టే పని తప్పవచ్చు.

వెళ్లేది బీడీఎస్ తర్వాత, పళ్ల వరుసను సరిచేసే విభాగమైన ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవారి దగ్గరికే అయి ఉండాలి. మీ నగరంలోనే గీతం వంటి దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు, ‘పళ్లు సర్దుకోవడానికి చోటు ఎక్కడి నుంచి వస్తుంది?’ అన్నది. కొందరికి పన్ను తీయాల్సి వస్తుంది, కొందరికి పళ్ల మధ్య కొద్దిగా అరగదీస్తే సరిపోతుంది, కొందరికి వరుసను వెడల్పు చేస్తారు. ఇద్దరు డాక్టర్ల ధరల్లో తేడా చాలాసార్లు ఈ పద్ధతి తేడాయే. మీ వయసులో చిగుళ్లు, ఎముక గట్టిగా ఉన్నాయో లేదో చూడకుండా ఎవరైనా ప్యాకేజీ చెబితే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇక డబ్బు. మీరు పంపిన అంచనా కాగితంలో ఉన్నది ఒకే వరుస: ‘అలైనర్లు, పూర్తి ప్యాకేజీ’. మధ్యలో అదనపు ట్రేలు, అంటే మరికొన్ని అలైనర్లు, కావలసి వస్తే వాటి సంగతి లేదు, చికిత్స తర్వాత పెట్టుకోవలసిన రిటైనర్ల ఊసు లేదు. రిటైనర్లు మానేస్తే పళ్లు మెల్లగా పాత చోటికి జరుగుతాయి, అవి పోయినా అరిగినా మళ్లీ కొనాలి. అందుకే ఇవన్నీ రాయించుకోకుండా రెండు ధరలను పక్కపక్కన పెట్టి చూడలేం. రోజుకు దాదాపు 20 నుంచి 22 గంటలు అలైనర్లు పెట్టుకోగలరా అని మీరూ ఆలోచించుకోండి. కుదరదనుకుంటే మామూలు క్లిప్పులకు ఎంతవుతుందో అడగండి, సాధారణంగా తక్కువకే వస్తాయి.

‘వడ్డీ లేని’ అన్న మాట నమ్మకండి. 1,65,000కు దొరికేదానికి నెలకు 10 వేల చొప్పున 18 నెలలు కడితే, ఆ 15 వేల తేడా ఏడాదికి సుమారు 11 శాతం వడ్డీతో సమానం. ప్రాసెసింగ్ రుసుము, దానిపై జీఎస్టీ ఉంటే ఇంకా పెరుగుతుంది. 2024 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం రుణమిచ్చే సంస్థ మొత్తం వార్షిక ఖర్చును చూపే పత్రం మీకివ్వాలి. అది చూడకుండా సంతకం పెట్టకండి.

నన్ను అంతకన్నా కలవరపెట్టేది మరొకటి. ఇలాంటి రుణాల్లో చాలావాటిలో సొమ్మంతా మొదటి రోజే క్లినిక్‌కు చేరిపోతుంది. చికిత్స మధ్యలో ఆగినా, క్లినిక్ మూతపడినా ఈఎంఐ మాత్రం మీ ఖాతాలోంచి పోతూనే ఉంటుంది. కొంత ముందుగా తీసుకుని, మిగతాది నెలనెలా చూపించుకోవడానికి వెళ్లినప్పుడు తీసుకునే ఆర్థోడాంటిస్టులు చాలామంది ఉన్నారు. వెతకవలసింది అలాంటివారిని. ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి, ప్రమాదంలో దెబ్బతింటే తప్ప పళ్ల చికిత్సకు మామూలు పాలసీలు చెల్లించవు.

డిపాజిట్‌ను కదపకండి. కొన్ని ప్రైవేటు పాఠశాలల్లో వేసవి జీతం ఆగుతుంది, మీ దగ్గరా అంతే అయితే ఆ రెండు నెలలకు ఆధారం అదే. ఈ నెల నుంచే 6 వేలతో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. అభిప్రాయాలు తీసుకుని తేల్చుకునేసరికి ముందుగా కట్టవలసిన మొత్తంలో కొంత చేతికి వస్తుంది. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే మాత్రం డబ్బు కూడేదాకా ఆగకండి, ఈ వారమే చూపించుకోండి.