పాట వినిపించేలా రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

సిడ్నీ ఒపేరా హౌస్ చరిత్ర మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. పోటీకి వచ్చిన 233 నమూనాలు, 1957లో గెలిచిన డేనిష్ వాస్తుశిల్పి యోర్న్ ఉట్జన్, 70 లక్షల డాలర్ల అంచనా చివరికి 10.2 కోట్లకు చేరడం, 1973 అక్టోబర్ 20న ఎలిజబెత్ రాణి ప్రారంభించడం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పైకప్పుకు అతికించిన 10,56,006 పెంకుల లెక్క కూడా ఉంచు, అది నాకూ ఇష్టమే. అయితే ఇంత వ్యాసంలో ఒక్క పాట కూడా వినిపించలేదు. పాట కోసం కట్టిన ఇల్లు కదా అది!

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోటే అసలు కథ ఉంది. పెద్ద హాలు ఒపేరాకూ, అంటే పాటలతోనే నడిచే నాటకానికీ, వాద్య కచేరీలకూ ఉమ్మడిగా పనికిరావాలన్నది మొదటి ఆలోచన. ఈ రెండింటికీ ఒకే గదిలో పొత్తు కుదరడం కష్టం. ఒపేరాలో పాడే మాట విడివిడిగా చెవిని చేరాలి, అందుకు ధ్వని త్వరగా అణగాలి. వాద్యబృందం వాయించేటప్పుడు నాదం కాసేపు గదిలో నిలవాలి. ప్రభుత్వంతో పొసగక 1966లో ఉట్జన్ తప్పుకున్న తరువాత, పెద్ద హాలును కచేరీలకే కేటాయించారు. అప్పటికే బిగించిన రంగస్థల యంత్రాలను ఊడదీశారు. ఒపేరా చిన్న హాలుకు చేరింది. అక్కడ వేదిక ముందు వాద్యకారులు కూర్చునే గుంట ఎంత ఇరుకంటే, కొందరు వేదిక కిందికి ఒదిగి వాయించవలసి వచ్చింది. ఒపేరా పేరు పెట్టుకున్న భవనంలో ఒపేరాకే చోటు చాలలేదు. నీ వ్యాసమంతా ఈ బాధ చుట్టూ అల్లుకోవాలి.

పెద్ద హాలు కూడా సుఖపడలేదు. కప్పు చాలా ఎత్తు కావడంతో వేదిక మీది వాద్యకారులకు ఒకరి వాద్యం ఒకరికి సరిగా వినపడేది కాదు. ధ్వనిని కిందికి మళ్లించడానికి వేలాడదీసిన పారదర్శక వలయాలు దశాబ్దాలపాటు ఉన్నాయి. వాటిని మార్చి, హాలును బాగుచేసి, 2022లో మళ్లీ తెరిచారు. నీ చరిత్ర మాత్రం 1973 దగ్గరే ఆగిపోయింది. ప్రారంభోత్సవం తరువాతే కదా నాయనా, హాలు బతకడం మొదలయ్యేది! అక్కడ వాయించినవాళ్లు, దీపాలు వేసినవాళ్లు, తెర లాగినవాళ్లు చెప్పుకున్న జ్ఞాపకాలు వెతికి చదువు.

మొదటి పేరాలో రాణిని కాస్త పక్కన పెట్టు. 1960 నవంబరులో, పైకప్పు ఇంకా లేవకముందే, అమెరికన్ గాయకుడు పాల్ రాబ్సన్ ఆ నిర్మాణస్థలానికి వచ్చి కూలీల ఎదుట పాడాడు. పరంజాల మీద కూర్చుని విన్నవాళ్లే ఆ భవనానికి తొలి శ్రోతలు. అక్కడి నుంచి మొదలుపెట్టి, కొత్త ప్రతి పంపు. పంపే ముందు ఒకసారి గొంతెత్తి చదువుకో.

ఆశీస్సులతో.